వీధంతా ఒకే పాపం చేసి ఉంటుందా?

(చెన్నై మైలాపూర్‌లో తెలుగువాళ్ల ఆదివారం కూడికలో చేసిన ప్రసంగం. మాటలు దాదాపు చెప్పినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారమండి. దేవుడి మీద నమ్మకం, దాన్నిబట్టి మనుషులు లోకాన్ని చూసే తీరు, దీని గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను శాస్త్రాలు చదువుకున్న మనిషిని కాను. ఈ ఊళ్లోనే ఒక ఆసుపత్రిలో డయాలసిస్ వార్డులో ఇరవై ఎనిమిదేళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాను. అందుకని ముందు చూసింది చెప్తాను, ఆ తర్వాత చదువుకున్నది కొంచెం చెప్తాను.

డయాలసిస్ అంటే మీలో కొందరికి ఇంట్లోనే అనుభవం ఉండొచ్చు. కిడ్నీలు పనిచేయనప్పుడు రక్తాన్ని బయటికి తీసి, మెషిన్‌లో శుభ్రం చేసి, మళ్లీ ఒంట్లోకి పంపిస్తాం. ప్రతిసారీ నాలుగు గంటలు, వారానికి మూడుసార్లు, డబ్బుల్లేనివాళ్లు రెండుసార్లతో సరిపెట్టుకుంటారు. మూడుసార్లు వచ్చే మనిషి ఏడాదికి ఆరు వందల గంటల పైచిలుకు నా కళ్లెదుట పడుకుని ఉంటాడన్నమాట. లేవడానికి లేదు, ఒక చెయ్యి కదపడానికి లేదు, నిద్ర సరిగా పట్టదు. ఇంక ఉన్నవి మాటలే.

ఈ హాలు బయటికి వెళ్తే కపాలీశ్వరుడి గుడి, సముద్రం వైపు నడిస్తే శాంతోమ్ చర్చి, ట్రిప్లికేన్ వెళ్తే పార్థసారథి స్వామి, అదే పేటలో 1795లో కట్టిన వాలాజా మసీదు, అన్నా సాలైలో దేవుడు లేడని ఊరూరా తిరిగి చెప్పిన పెరియార్ విగ్రహం. ఈ అన్ని చోట్ల దండం పెట్టేవాళ్లూ మా వార్డుకి వచ్చేవాళ్లు, ఎక్కడా దండం పెట్టనివాళ్లూ వచ్చేవాళ్లు. దేవుడున్నాడా లేడా అని నన్ను అడిగినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. "నేనేం పాపం చేశాను సిస్టర్, నాకే ఎందుకొచ్చింది" అని అడిగినవాళ్లకి మాత్రం లెక్కే లేదు. మొదటి నెలలో ఏదో ఒకరోజు, సూది గుచ్చుతున్నప్పుడో, బరువు చూస్తున్నప్పుడో, ఆ మాట వచ్చి తీరుతుంది.

ఆ మాటకి పక్కనున్నవాళ్లు ఏం జవాబు చెప్తారో చూస్తే వాళ్ల నమ్మకం ఎలాంటిదో నాకు తెలిసిపోయేది. ఇవాళ నేను చెప్పదలుచుకున్నదీ ఇదొక్కటే. బాధలో ఉన్న మనిషి నెత్తినే తప్పు మోపే జవాబు దేవుడి పేరుతో వచ్చినా సైన్సు పేరుతో వచ్చినా నేను ఒప్పుకోను. నేను దేవుణ్ణి నమ్మే మనిషినే, పొద్దున్నే దీపం పెట్టనిదే కాఫీ కూడా తాగను. అయినా ఒప్పుకోను.

ఎందుకో చెప్తాను. మాది నెల్లూరు జిల్లా. మా తమ్ముడికి పంతొమ్మిదేళ్లప్పుడు ఈ జబ్బే వచ్చింది, ఏడాదిన్నరకి పోయాడు. వాడు మంచంలో ఉండగా చూడ్డానికి వచ్చిన చుట్టం ఒకావిడ, మంచి మనిషే, మా అమ్మ చెయ్యి పట్టుకుని "ఏ జన్మలో ఏం చేసుకున్నామో, అనుభవించక తప్పదు వదినా" అంది. ఓదార్చడానికే అంది పాపం. ఆవిడ సాయంత్రం బస్సుకి వెళ్లిపోయింది గానీ ఆ మాట మా ఇంట్లోనే ఉండిపోయింది. అమ్మ ఆ రాత్రి నుంచి వెతకడం మొదలుపెట్టింది. పోయిన జన్మ తెలీదు కదా, ఈ జన్మలోనే వెతికింది. వెతికి వెతికి చివరికి ఒకటి పట్టుకుంది. తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు మిట్టమధ్యాహ్నం గుమ్మంలోకి ఒక ముసలమ్మ వచ్చి అన్నం అడిగిందట, కుండలో నాన్నకి సరిపడా మాత్రమే ఉంటే లేదు పొమ్మందట. "ఆవిడ ఉసురు తగిలిందే, నా బిడ్డకి తగిలింది" అని, తమ్ముడు పోయిన తర్వాత కూడా, తను పోయేదాకా, ఆ ముసలమ్మ కట్టుకున్న చీర రంగుతో సహా చెప్పేది. ఇరవై రెండేళ్లు! పిడికెడు అన్నానికి కొడుకు ప్రాణం తీసే దేవుడా మనం రోజూ దీపం పెడుతున్నది? నర్సింగ్‌లో చేరిన తర్వాత నేను అమ్మకి కిడ్నీ బొమ్మ గీసి చూపించాను, వడపోత ఎక్కడ చెడుతుందో చూపించాను. అమ్మ అంతా విని "అక్కడే ఎందుకు చెడాలి?" అంది. నా దగ్గర జవాబు లేకపోయింది.

నమ్మకం అనగానే మూఢత్వం అనేవాళ్లున్నారు, వాళ్లకి ఇంకో సంగతి చెప్పాలి. డయాలసిస్ చేయాలంటే ముందు చేతిలో ఒక ధమనినీ సిరనీ కలిపి కుడతారు, ఫిస్టులా అంటారు. దాని మీద వేలు పెడితే జుమ్మని తుమ్మెద కదిలినట్టు తెలుస్తుంది. ఆ కదలికే వాళ్ల ప్రాణం. కుడిచేతి వాటం వాళ్లకి మామూలుగా ఎడమ చేతికి చేస్తారు. ఆ చేతికి బీపీ చూడకూడదు, గాజులు బిగుతుగా ఉండకూడదు, ఏదీ గట్టిగా కట్టకూడదు. ఒకసారి గూడూరు వైపు నుంచి ముప్పై ఏళ్ల అమ్మాయిని తీసుకొచ్చారు. చేతికి ఫిస్టులా, సరిగ్గా దాని మీదే ఎర్రటి దారం మూడు వరుసలు చుట్టి ఉంది. గుళ్లో మొక్కుకుని కట్టించిన రక్ష. ఆడవాళ్లకి ఎడమ చేతికే కదండీ కడతారు. నేను తీసేయమన్నాను, అత్తగారు ససేమిరా అంది. కత్తెర తెచ్చి కోసేద్దామన్నంత కోపం వచ్చింది నాకు. కానీ ఆవిడ కళ్లలో ఉన్నది మొండితనం కాదు, భయం. ఆ దారం పోతే కోడలు పోతుందని భయం. సరే, ఆ గుడి పూజారి గారికే ఫోన్ చేయించాను. ఆయన అంతా విన్నారు, "ప్రాణం నిలవాలనే కదమ్మా కట్టింది, కుడి చేతికి మార్చండి, అక్కడి నుంచే నేను మంత్రం చెప్తాను" అన్నారు. ఫోన్ స్పీకర్‌లో పెట్టారు, ఆయన మంత్రం చెప్తూ ఉంటే అత్తగారే విప్పి కుడి చేతికి కట్టింది, నేను ఫిస్టులా మీద చెయ్యి పెట్టి చూశాను, జుమ్మంటోంది. ఆ పూజారి గారి దగ్గరున్నది కూడా దేవుడి మీద నమ్మకమే, మా చుట్టం దగ్గరున్నది కూడా అదే. పేరొకటే గానీ రెంటికీ పోలిక ఉందంటారా?

తీర్థం సంగతి కూడా అంతే. మా పేషెంట్లు రోజుకి ఎన్ని నీళ్లు తాగాలో లెక్క ఉంటుంది, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి చేరి ఆయాసం వస్తుంది. హజ్ నుంచి చుట్టాలు జమ్‌జమ్ నీళ్లు తెచ్చేవారు, తిరుమల నుంచి తీర్థం తెచ్చేవారు. వద్దని నేను ఎప్పుడూ అనలేదు. ఉద్ధరిణెడు అయిదు ఎం.ఎల్. అని చార్టులో రాసుకునేదాన్ని.

ఇక చదువుకున్నది చెప్తాను. రిటైరయ్యాక కాస్త తీరిక దొరికి చదవడం మొదలుపెడితే, నేను అనుకున్నట్టు నమ్మేవాళ్లు ఒక గట్టు, నమ్మనివాళ్లు ఒక గట్టు అన్న లెక్క మన దేశంలో అసలు కుదరదని తెలిసింది. జైనులు సృష్టికర్తని ఒప్పుకోరు, కర్మని మాత్రం అణువణువూ ఒప్పుకుంటారు. వేదాన్ని ప్రాణంగా చూసుకున్న పూర్వమీమాంసకులు యజ్ఞం ఫలితం ఇవ్వడానికి మధ్యలో దేవుడి అవసరం లేదన్నారు. కాబట్టి దేవుణ్ణి తీసేసినంత మాత్రాన "నీ ఖర్మ" అనే మాట పోదు. ఇటు బుద్ధుడు కర్మని ఒప్పుకున్నవాడే కదా, ఆయన దగ్గరికి శివకుడనే సన్యాసి వచ్చి, మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లనే అంటారు కొందరు, మీరేమంటారు అని అడిగితే, ఆయన అలా అనడం తప్పన్నాడు. పిత్తం వల్ల వచ్చే బాధ ఉంది, కఫం వల్ల, వాతం వల్ల, రుతువులు మారడం వల్ల, దెబ్బ తగలడం వల్ల వచ్చే బాధలున్నాయి, ఇవి కళ్లకి కనిపిస్తూనే ఉన్నాయి కదా అన్నాడు. పాలీ భాషలో ఉన్న బౌద్ధ సూత్రాల్లో ఉందిది. మా అమ్మకి ఈ ముక్క చెప్పడానికి ఆవిడ లేదు.

క్రైస్తవుల్లో యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం తెలిసినవాళ్లు ఇక్కడ ఉండే ఉంటారు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు, వీడు పాపం చేశాడా, వీడి తల్లిదండ్రులు చేశారా అని అడుగుతారు. వీడూ కాదు, వాళ్లూ కాదు అంటాడు యేసు. మా వార్డుకి ఒక పాస్టర్ గారు ఈ అధ్యాయం చదవడానికే వచ్చేవారు. ఇంకొకాయన కూడా వచ్చేవారు, ఆయన మాత్రం నీ విశ్వాసం తక్కువ కాబట్టే నయం కావడం లేదనేవారు. ఇద్దరి చంకలోనూ ఒకే పుస్తకం.

చెన్నైలో ఉంటున్నాం కాబట్టి ఇది తప్పకుండా చెప్పాలి. 1934 జనవరి 15న బీహార్‌లో, నేపాల్‌లో పెద్ద భూకంపం వచ్చి వేలమంది పోయారు. గాంధీ గారు ఆ నెలాఖరులో, అంటరానితనం పోవాలని చేస్తున్న హరిజన యాత్రలో, ఈ తమిళ ప్రాంతంలోనే తిరుగుతున్నారు. అంటరానితనం అనే పాపానికి దేవుడు వేసిన శిక్ష ఈ భూకంపం అన్నారాయన. టాగూర్ గారికి ఇది మింగుడు పడలేదు. ఆయనా దేవుణ్ణి నమ్మే మనిషే, అంటరానితనం పాపమని ఆయనకీ తెలుసు. కానీ భూమి కంపించడానికి భూమిలోనే కారణాలుంటాయి, మన తప్పులు ఎంత పెద్దవైనా సృష్టి గోడలు కూల్చేంత బలం వాటికి లేదని రాశారు. ఇంకో మాట కూడా అన్నారు, ఇదే తర్కం తీసుకుని రేపు మీ ప్రత్యర్థులు ఈ భూకంపం మీ ఉద్యమం వల్లే వచ్చిందంటే మనం ఆశ్చర్యపోనక్కర్లేదని. గాంధీ గారు ఆ విమర్శని దాచలేదు, 1934 ఫిబ్రవరిలో తన హరిజన్ పత్రికలోనే వేసి, పక్కనే తన జవాబు వేసుకున్నారు, తన మాట మీదే నిలబడ్డారు. గాంధీ గారంటే నాకు ప్రాణం. ఆయన ఆ మాట ఎంత మంచి ఉద్దేశంతో అన్నారో కూడా అర్థమవుతుంది. అయినా ఈ విషయంలో నేను టాగూర్ వైపే. బీహార్‌లోని ముంగేర్‌లో ఇల్లు కూలి పోయిన పసిపిల్ల ఎవరిని ముట్టుకోనంది?

అదే గాంధీ గారు పదేళ్లకి మన తెలుగాయన గోరా గారితో కూర్చున్నారు. గోపరాజు రామచంద్రరావు గారు, 1902లో పుట్టారు, ఈ మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలోనే వృక్షశాస్త్రం చదివారు, నాస్తికుడని ఉద్యోగాలు పోయాయి, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో దాన్ని విజయవాడకి మార్చారు. అంటరానితనం పోవాలంటే మనిషి దేవుడి మీద, తలరాత మీద భారం వేయడం మానాలి, అప్పుడే నా పని నేను చేయాలని లేస్తాడు అన్నది ఆయన వాదన. గాంధీ గారు ఆయనతో, నా ఆస్తికత్వం సరైనదనీ చెప్పలేను, మీ నాస్తికత్వం తప్పనీ చెప్పలేను, ఇద్దరం సత్యాన్ని వెతుకుతున్నాం అనే అర్థం వచ్చేలా మాట్లాడారు. గోరా గారి అమ్మాయికి దళిత యువకుడితో పెళ్లి సేవాగ్రామ్‌లో చేయిస్తాననీ, ప్రమాణంలో దేవుడి పేరుకి బదులు సత్యం పేరు పెడదామనీ అన్నారు. ఆ పెళ్లి 1948 మార్చిలో జరిగింది, అప్పటికి గాంధీ గారు లేరు. ఒకాయనకి దేవుడున్నాడు కాబట్టి ఆ పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవాలి, ఇంకొకాయనకి దేవుడు లేడు కాబట్టి కూర్చోబెట్టుకోవాలి. వాదన తెగలేదు, పెళ్లి అయింది.

నాస్తికుల గురించి నేను తేలిగ్గా మాట్లాడను. మా వార్డులో ఒక పార్టీ పెద్దాయన ఉండేవారు, ప్రకాశం జిల్లా ఆయన. పక్క మంచం మనిషి ఏడుస్తుంటే అందరం దేవుడున్నాడు అనేవాళ్లం, ఆయన మాత్రం "నేనున్నాను, చెప్పు" అనేవారు. అలాగే దేవుడి ఊసు లేకుండా తప్పు మోపేవాళ్లనీ చూశాను, అందులో నేనూ ఉన్నాను. కోయంబేడు మార్కెట్లో మూటలు మోసే మనిషి ఒకాయన వచ్చాడు. ఏళ్ల తరబడి రోజూ నొప్పి మాత్రలు మింగాడట. "చదువుకోలేదా, ఎవరు మింగమన్నారు, చేతులారా చేసుకున్నావు" అని గట్టిగా అనేశాను. ఆయన ఏమీ అనలేదు. షర్ట్ జరిపి భుజం చూపించాడు. అక్కడ చర్మం చెప్పు అట్టలా అయిపోయి ఉంది. మాత్ర వేసుకోకపోతే రెండో లోడు ఎత్తలేడు, రెండో లోడు ఎత్తకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. "ఏ జన్మ పాపమో" అన్న మా చుట్టానికీ నాకూ తేడా ఏముంది? ఆవిడ పోయిన జన్మ అంది, నేను ఈ జన్మ అన్నాను, అంతేగా.

ఇప్పుడు ఉద్దానం సంగతి. శ్రీకాకుళం జిల్లాలో సోంపేట, కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు, ఆ చుట్టుపక్కల. కొబ్బరి, జీడిమామిడి తోటలతో పచ్చగా కోనసీమలా ఉంటుంది. ఆ ఊళ్లలో షుగరూ బీపీ లేని మనుషులకి కూడా కిడ్నీలు పోతున్నాయి, దశాబ్దాలుగా. నీళ్లన్నారు, ఎండలో ఒళ్లు ఎండిపోయి చేసే పనన్నారు, పురుగుమందులన్నారు, ఇదీ కారణమని ఇప్పటికీ తేలలేదు. 2023లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం పెట్టారు, వంశధార నీళ్లు పైపుల్లో ఇస్తున్నారు.

అది రాకముందు, ఆ ఊళ్ల నుంచి ఒక పెద్దాయన మా దగ్గరికి వచ్చాడు. కొడుకు ఇక్కడ అంబత్తూరులో పెయింటింగ్ పని చేసేవాడు, వాడి దగ్గర ఉండి డయాలసిస్ చేయించుకునేవాడు. జీవితమంతా కొబ్బరిచెట్లు ఎక్కిన మనిషి, అరచేతులు గరగరలాడేవి. అందరిలాగే ఆయనా ఒకరోజు అడిగాడు, "నానేటి పాపం సేసినానమ్మా?" అని. నేను ఏదో చెప్పబోయేలోగా తనే అన్నాడు, "నానొక్కణ్ణే అయితే పాపమే అనుకుందును. మా ఈదిలో ఇంటికొకడున్నాడు. ఈదంతా ఒకే పాపం సేసుంటాదేటమ్మా?"

నేను చేతిలో ఉన్న సూది పక్కన పెట్టేశాను. ఎన్నో ఏళ్ల తర్వాత పాత ఆయుర్వేద గ్రంథం చరక సంహిత గురించి చదువుతుంటే ఈయనే గుర్తొచ్చాడు. అందులో విమానస్థానం అనే భాగంలో అగ్నివేశుడనే శిష్యుడు గురువుని ఇదే అడుగుతాడు. ఒక్కొక్కరి ఒంటి తీరు వేరు, తిండి వేరు, బలం వేరు, వయసు వేరు, మరి ఊళ్లకి ఊళ్లు ఒకే జబ్బుతో ఒక్కసారే ఎలా పోతున్నాయి స్వామీ అని. గురువు చెప్పిన జవాబు ఏంటంటే, మనుషులు వేరైనా వాళ్లందరికీ ఉమ్మడిగా ఉన్నవి నాలుగున్నాయి, గాలి, నీరు, నేల, కాలం, అవి చెడితే అందరూ చెడతారని. అవెందుకు చెడతాయంటే అధర్మం వల్ల అని కూడా అంటాడు, నేను దాచను. కానీ ఆ అధర్మం ముందు మొదలయ్యేది దేశాన్నీ నగరాన్నీ ఏలే పెద్దల దగ్గర అంటాడు. మంచంలో ఉన్నవాణ్ణి నీ లెక్క చూసుకో అనలేదు.

ఆ పెద్దాయన ఏమీ చదువుకోలేదు. ఇచ్ఛాపురం స్వేచ్ఛావతి అమ్మవారంటే ఆయనకి చెప్పలేనంత భక్తి, మెషిన్ మోగినప్పుడల్లా "అమ్మా" అనేవాడు. ఆ మాటన్న నెలకి కోడలు ఊరెళ్లి వస్తూ ఒక సీసా తెచ్చింది. కూల్‌డ్రింక్ సీసా, మూతకి పసుపు గుడ్డ చుట్టి ఉంది. వాళ్ల బావి నీళ్లు. అమ్మవారి ముందు పెట్టి, దండం పెట్టి తెమ్మన్నాడట. నా చేతిలో పెట్టి "ఇయ్యి ఎక్కడ పరీచ్చ సేస్తారో మీకు తెలుస్తాది, సేయించమ్మా" అన్నాడు. పసుపు గుడ్డ తీయడానికి నాకు చెయ్యి రాలేదు, అలాగే పట్టుకెళ్లి ఒక ల్యాబ్‌లో ఇచ్చాను. వారానికి రిపోర్టు వచ్చింది. ఉప్పు కాస్త ఎక్కువ అన్నట్టుగా రాశారు, జబ్బుకి కారణం అనదగ్గదేమీ అందులో లేదు. ఎలా చెప్పాలా అని నేను టెన్షన్ పడుతూ చెప్పాను. ఆయన కాగితం తీసుకుని మడిచి, జేబులో అమ్మవారి కుంకుమ పొట్లం పక్కన పెట్టుకుని, కాసేపు పైకి చూస్తూ పడుకున్నాడు.

సంక్రాంతికి కొడుకు ఊరెళ్లి వచ్చాడు. తర్వాతి డయాలసిస్‌కి పెద్దాయన వచ్చినప్పుడు సంచిలో రెండు సీసాలున్నాయి, రెంటి మూతలకీ పసుపు గుడ్డలు. ఒకటి బడి దగ్గర బోరింగుదట, ఇంకోటి తోటలో బావిదట.